కోడెక్స్ గిగాస్: తాకట్టు నుంచి స్టాక్‌హోం దాకా

మీరు అడిగిన ప్రశ్నలో రెండు సందేహాలున్నాయి. 'సైతాను బైబిల్' పేరుతో వీడియోల్లో చూపిస్తున్న కోడెక్స్ గిగాస్‌ను ఒక క్రైస్తవ సన్యాసి సైతాను సాయంతో ఒక్క రాత్రిలో రాశాడన్న కథ నిజమేనా అన్నది మొదటిది. చెక్ దేశపు మఠాల్లో ఉన్న పుస్తకం స్వీడన్‌కు ఎలా చేరింది, న్యాయంగా అది ఎవరిది అన్నది రెండోది. మొదటిదానికి సమాధానం చిన్నదే. రెండోదానికి కొంచెం ఓపిక కావాలి.

పాత రాతప్రతులకు వివరణాత్మక జాబితాలు తయారుచేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఒక ప్రతి చేతికి వచ్చినప్పుడు మేము ముందుగా చూసేవి మొదటి ఆకు, చివరి ఆకు, అంచులు, అట్ట లోపలి భాగం. బొమ్మలు ఆ తర్వాత. ఆ ప్రతి ఎవరి దగ్గర ఉంది, ఎవరు కొన్నారు, ఎవరు తాకట్టు పెట్టారు అన్న సంగతులు అక్కడే దొరుకుతాయి. కోడెక్స్ గిగాస్‌ను అందరూ 290వ ఆకు దగ్గర, అంటే సైతాను బొమ్మ దగ్గర తెరుస్తారు. మొదటి ఆకు దగ్గర తెరిస్తే అంతకంటే గొప్ప కథ కనిపిస్తుంది.

ముందు పుస్తకం సంగతి. ఎత్తు దాదాపు 89 సెంటీమీటర్లు, వెడల్పు 49, మందం 22. బరువు 75 కిలోలు. ఒక మనిషి ఎత్తి బల్ల మీద పెట్టగలిగేది కాదు. ఇప్పుడున్నవి 310 ఆకులు, అన్నీ చర్మపత్రాలు. ఒక్కో పశువు చర్మం నుంచి రెండు ఆకులే వచ్చేంత పెద్దవి కాబట్టి, మొత్తానికి 160 దాకా చర్మాలు పట్టి ఉంటాయని లెక్క. పుటకు రెండు నిలువు వరుసలు, వరుసకు 106 పంక్తులు. అంటే ఒక్క పుటలో 212 పంక్తుల లాటిన్ రాత. ఆ పంక్తులకు ముందుగా గీతలు గీసుకోవాలి, ఆ గీతలకు చర్మం మీద సూదితో గుర్తులు పెట్టుకోవాలి. రాయడం మొదలుపెట్టే ముందే ఎంత పని ఉందో ఊహించండి.

ఇందులో ఉన్నది ఒక్క బైబిలే కాదు. పాత నిబంధన మొత్తం ఉంది. దాని వెంట 1వ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాసిన రెండు పెద్ద చరిత్రలు లాటిన్ అనువాదంలో ఉన్నాయి. 636లో చనిపోయిన సెవిల్ బిషప్ ఇసిదోర్ కూర్చిన విజ్ఞాన సర్వస్వం ఉంది. వైద్య గ్రంథాలున్నాయి. ఆ తర్వాత కొత్త నిబంధన. అందులో అపొస్తలుల కార్యములు, ప్రకటన గ్రంథం మాత్రం జెరోమ్ చేసిన ప్రామాణిక లాటిన్ అనువాదానికి ముందున్న పాత లాటిన్ పాఠంలో ఉన్నాయి. బైబిల్ పాఠ పరిశోధకులకు ఈ ప్రతి మీద ఉన్న గౌరవానికి కారణం అదే. వాళ్లకు సైతాను బొమ్మతో పని లేదు. కొత్త నిబంధన తర్వాత పాప ఒప్పుకోలు ప్రార్థన, రెండు పెద్ద బొమ్మలు, దయ్యాలను, జ్వరాన్ని వదిలించే మంత్రాల వంటి ప్రార్థనలు, దొంగను పట్టుకునే ప్రక్రియలు, ప్రాగ్ ప్రధాన చర్చి డీన్‌గా ఉండి 1125లో చనిపోయిన కోస్మాస్ రాసిన బొహీమియా (ఇప్పటి చెక్ దేశపు ప్రధాన ప్రాంతం) చరిత్ర, చివరికి మఠ సోదరుల పేర్లు, మృతుల స్మరణ దినాలతో కూడిన పంచాంగం.

ఈ వరుసను గమనించండి. లోకసృష్టి నుంచి మొదలై, యూదుల చరిత్ర, లోకజ్ఞానం, వైద్యం, క్రీస్తు, పశ్చాత్తాపం, స్వర్గం, నరకం, సొంత దేశ చరిత్ర, చివరికి సొంత మఠంలో చనిపోయినవాళ్ల పేర్లు. ఒక మఠానికి అవసరమైన గ్రంథాలయాన్నంతటినీ ఒకే అట్టల మధ్య పెట్టాలన్న సంకల్పం ఇది. ఇంత స్పష్టమైన పథకం ఉన్న పుస్తకాన్ని చేతబడి పుస్తకం అనడం నాకు బాధగా ఉంటుంది.

ఇక సైతాను బొమ్మ. అది ఒంటరిగా లేదు. పుస్తకం తెరిచి పెడితే ఎడమ పుటలో పరలోక నగరం, కుడి పుటలో సైతాను. ఎడమవైపు గోడలు, బురుజులు, అంతస్తులుగా లేచిన కట్టడాలు. మనిషన్నవాడు ఒక్కడూ లేడు. కుడివైపు రెండు బురుజుల మధ్య గొంతుకు కూర్చున్నట్టున్న సైతాను. పచ్చని ముఖం, ఎర్రని కొమ్ములు, చేతికి నాలుగేసి వేళ్లు, బయటికి వచ్చిన రెండు నాలుకలు, నడుముకు రాజులు ధరించే ఎర్మిన్ బొచ్చు గుడ్డ. దీనికి ముందు పుటల్లో పెద్ద అక్షరాలతో పాప ఒప్పుకోలు. తర్వాతి పుటల్లో దుష్టశక్తులను తరిమే ప్రార్థనలు. ఒప్పుకో, ఎటు పోతావో చూసుకో, రక్షణ కోరుకో అన్న క్రమం అది. బోధించడానికి అక్కడ పెట్టిన బొమ్మ, పూజించడానికి కాదు.

ఆ పుటలు మిగతావాటికంటే నల్లగా ఉండటాన్ని కూడా శాపం అంటున్నారు. చర్మపత్రం వెలుతురు తగిలితే రంగు మారుతుంది. వందల ఏళ్లుగా వచ్చిన ప్రతి అతిథికీ ఈ పుస్తకాన్ని అక్కడే తెరిచి చూపించారు. మిగతా పుటలు మూసే ఉన్నాయి. ఆ నలుపు చూసినవాళ్ల కుతూహలం మిగిల్చిన గుర్తు.

ఒక్క రాత్రి కథ గురించి. మఠ నియమం తప్పిన సన్యాసిని బతికుండగానే గోడలో పెట్టి కట్టేయాలని శిక్ష వేశారట. తప్పించుకోవడానికి ఒక్క రాత్రిలో సమస్త జ్ఞానాన్నీ ఒక పుస్తకంగా రాస్తానని మాట ఇచ్చి, అర్ధరాత్రికి చేతకాక సైతానును పిలిచాడట. చివరి పుటల్లోని మృతుల జాబితాలో 'ఏకాంత గదిలో ఉండే హెర్మన్' అన్న అర్థంలో ఒక పేరుంది. ప్రార్థన కోసం తనంతట తానే గదిలో తలుపు మూసుకుని జీవించేవాళ్లు ఆ కాలంలో ఉండేవారు. ఆ మాటను తర్వాతివాళ్లు శిక్షగా అర్థం చేసుకోవడం వల్ల కథ పుట్టి ఉంటుందని పరిశోధకులు అనుకుంటారు. హెర్మనే లేఖకుడని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు.

కథలో ఒక మాట మాత్రం నిజానికి దగ్గరగా ఉంది: రాసింది ఒక్కడే. మొదటి ఆకు నుంచి చివరి దాకా అక్షరం వాలు, కలం ఒత్తు, పొట్టి అక్షరాలకూ పొడుగు అక్షరాలకూ ఉన్న నిష్పత్తి మారలేదు. ముప్పై నలభై పుటల తర్వాత ఏ లేఖకుడి రాతలోనైనా కొంత తేడా వస్తుంది. ఇంత పెద్ద గ్రంథంలో ఇంత నిలకడ చాలా అరుదు. రోజుకు ఆరు గంటల చొప్పున వారానికి ఆరు రోజులు రాసినా పాఠం ఒక్కటే రాయడానికి దాదాపు ఐదేళ్లు పడుతుందని స్వీడన్ జాతీయ గ్రంథాలయం వారి అంచనా. గీతలు, అలంకరించిన అక్షరాలు, మఠంలో రోజూ తప్పని ప్రార్థనలు కలుపుకుంటే ఇరవై, ముప్పై ఏళ్లు. అంటే ఒక మనిషి పనిచేయగలిగిన జీవితం మొత్తం. ఆ మనిషి పేరు మనకు మిగల్లేదు. అతని శ్రమ పుణ్యం సైతానుకు దక్కింది, అదే నా కోపం.

ఎప్పుడు రాశారన్నది పంచాంగమే చెబుతుంది. 1204లో పునీతుడిగా ప్రకటించిన ప్రోకోప్ పేరు పండుగల్లో ఉంది. 1230లో చనిపోయిన బొహీమియా రాజు మొదటి ఒటాకర్ పేరు మృతుల్లో లేదు. రాజు చనిపోతే ఏ మఠమూ ఆ పేరు మరచిపోదు. కాబట్టి ఆ రెండు సంవత్సరాల మధ్య పూర్తయింది. అక్షరాన్ని బట్టి తేదీ కట్టడం ఇక్కడ కష్టం, ఎందుకంటే లేఖకుడు తన కాలానికి అప్పటికే పాతబడిన లిపిశైలిలో రాశాడు. బహుశా కుర్రతనంలో ఎవరో ముసలి గురువు దగ్గర నేర్చుకున్న చేయి.

ఇప్పుడు మీ రెండో సందేహానికి వద్దాం.

పుస్తకం మొదట్లో ఒక లాటిన్ రాత ఉంది. దాని సారాంశం ఇది: ఈ పుస్తకం పొడ్లజిత్సే అనే ఊళ్లోని బెనెడిక్టైన్ మఠానిది. ఆ మఠంవాళ్లు ఇబ్బందుల్లో పడి దీన్ని సెడ్లెత్స్‌లోని సిస్టర్షియన్ మఠం దగ్గర తాకట్టు పెట్టారు. 1295లో ప్రాగ్ దగ్గరి బ్రెవ్‌నోవ్ మఠాధిపతి బావోర్, బిషప్ గ్రెగరీ ప్రోత్సాహంతో, డబ్బు కట్టి దీన్ని విడిపించి తన మఠానికి తెచ్చాడు. పరిమాణాన్ని బట్టి చూస్తే దీన్ని లోకంలోని ఏడు వింతల్లో ఒకటిగా చెప్పుకోవచ్చు.

ఇంత చిన్న రాతలో ఎన్ని సంగతులున్నాయో చూడండి. బెనెడిక్టైన్లు నల్లని వస్త్రాలు కట్టేవాళ్లు, సిస్టర్షియన్లు తెల్లనివి. రెండూ వేర్వేరు సన్యాస సంఘాలు. నల్లవస్త్రాలవాళ్ల పుస్తకం తెల్లవస్త్రాలవాళ్ల చేతిలో ఉండటం పరువు సమస్య అయింది. అందుకే మరో బెనెడిక్టైన్ మఠం ముందుకొచ్చింది. సెడ్లెత్స్‌కు అప్పు ఇచ్చే స్తోమత ఉంది; ఆ మఠం ఉన్నది వెండి గనులతో ప్రసిద్ధికెక్కిన కుత్నా హోరా పక్కనే. ఇప్పుడు యాత్రికులు ఎముకలతో అలంకరించిన చర్చి చూడటానికి వెళ్లేది ఆ సెడ్లెత్స్‌కే. ఇక పుస్తకాన్ని తాకట్టు పెట్టడమేమిటని ఆశ్చర్యపోకండి. ఆ కాలంలో అది మామూలు సంగతి. ఆక్స్‌ఫర్డ్‌లో విద్యార్థులకు అప్పులివ్వడానికి ప్రత్యేకంగా డబ్బుపెట్టెలు ఉండేవి. వాటి దగ్గర కుదువపెట్టిన పుస్తకాల చివర్లలో ఎవరు ఎంతకు పెట్టారో రాసిన గుర్తులు నేటికీ కనిపిస్తాయి. నూట అరవై చర్మాలు, ఒక జీవితకాలం చేతిపని ఉన్న వస్తువంటే బంగారంతో సమానం.

అయితే ఈ రాతను కళ్లు మూసుకుని నమ్మకూడదు. అందులో సంవత్సరం 1295 అని ఉంది. గ్రెగరీ ప్రాగ్ బిషప్‌గా ఉన్నది 1296 నుంచి 1301 వరకు. రెండూ పొసగవు. కొన్నాళ్ల తర్వాత జ్ఞాపకం మీద రాసి ఉండాలి, లేదా సంవత్సరం తప్పు పడి ఉండాలి. తాకట్టు, విడిపింపు అన్న అసలు విషయాన్ని అనుమానించాల్సిన పని లేదు. సంవత్సరాన్ని మాత్రం 'సుమారు' అని పట్టుకోవాలి. ఇంకో మాట. పొడ్లజిత్సే మనకు తెలిసిన తొలి యజమాని మాత్రమే. అది చిన్న, పేద మఠం. ఇంతటి గ్రంథానికి కావలసిన చర్మాలు, మూలప్రతులు అక్కడ సమకూరి ఉంటాయా అని చాలామంది పరిశోధకులకు అనుమానం. ఇంకెక్కడో రాయించి ఉండవచ్చు. 'పొడ్లజిత్సేలో రాసిన పుస్తకం' అని వీడియోల్లో ధీమాగా చెప్పేది ఇంకా తేలని విషయం.

ఆ తాకట్టే పుస్తకాన్ని బతికించిందని నా నమ్మకం. 1415లో చెక్ మతసంస్కర్త యాన్ హుస్‌ను కాన్‌స్టాన్స్‌లో కాల్చి చంపిన తర్వాత బొహీమియా భగ్గుమంది. హుస్ అనుచరుల సైన్యాలు మఠాల మీద పడ్డాయి. 1420లో బ్రెవ్‌నోవ్ తగలబడింది, 1421లో పొడ్లజిత్సే నాశనమైంది, మళ్లీ లేవలేదు. పుస్తకం మొదటి యజమానుల దగ్గరే ఉండి ఉంటే అక్కడే బూడిదయ్యేది. బ్రెవ్‌నోవ్ సన్యాసులకు ఈశాన్య బొహీమియాలో బ్రౌమోవ్ అనే ఇంకో మఠం ఉంది. గోడలు గట్టివి, సరిహద్దుకు దగ్గర. వాళ్లు అక్కడికి చేరారు. పుస్తకం కూడా బ్రౌమోవ్‌లో దాదాపు 16వ శతాబ్దం చివరి దాకా ఉంది.

1594లో హాబ్స్‌బుర్గ్ వంశపు చక్రవర్తి రెండో రుడాల్ఫ్ దాన్ని ప్రాగ్ కోటకు తెప్పించుకున్నాడు. వింత వస్తువుల మీద అతని మోజు లోకవిదితం. చిత్రాలు, గడియారాలు, రత్నాలు, జంతువుల కొమ్ములు, రసవాద పరికరాలు పోగుచేశాడు; ఖగోళ శాస్త్రవేత్తలు టైకో బ్రాహే, కెప్లర్ అతని ఆస్థానంలోనే పనిచేశారు. ఆ సేకరణలో ఈ గ్రంథం చేరింది. మళ్లీ మఠం ముఖం చూడలేదు. నా దృష్టిలో ఈ పుస్తకం చరిత్రలో అసలు మలుపు ఇదే, కానీ దీని గురించి ఎవరూ మాట్లాడరు. అప్పటిదాకా అది ఎంత దూరం తిరిగినా సన్యాసుల మధ్యే తిరిగింది. చివరి పుటల్లోని పేర్లు, వాళ్ల కోసం ప్రార్థించే వాళ్ల దగ్గరే ఉన్నాయి. రుడాల్ఫ్ దగ్గర అది చూడముచ్చటైన వస్తువైంది.

స్వీడన్ వచ్చింది ఆ తర్వాత. మధ్య యూరప్‌ను కుదిపిన ముప్పై ఏళ్ల యుద్ధం చివరి నెలల్లో, 1648 జూలై 26న, జనరల్ కోనిగ్స్‌మార్క్ సైన్యం ప్రాగ్ నగరంలో కోట ఉన్న వైపును పట్టుకుంది. వెస్ట్‌ఫాలియా శాంతి ఒప్పందం మీద సంతకాలు పడింది అదే సంవత్సరం అక్టోబరు 24న. మూడు నెలల తేడా. ఆ మూడు నెలల్లో రుడాల్ఫ్ సేకరణలో అప్పటికి ఉన్నదాంట్లో చాలా భాగం బండ్లకు, పడవలకు ఎక్కింది. ఇది సైనికుల చిల్లర దోపిడీ అనుకోకండి. రాజు గుస్తావ్ అడాల్ఫ్ కాలం నుంచీ స్వీడన్‌కు ఇది ఒక పద్ధతి: 1621లో రీగా, 1626లో బ్రౌన్స్‌బెర్గ్, 1631లో వూర్ట్స్‌బుర్గ్, ఎక్కడ గెలిస్తే అక్కడి జెసూట్ల (ఒక క్యాథలిక్ సంఘంవాళ్ల), బిషప్పుల గ్రంథాలయాలను ఉప్సాలా విశ్వవిద్యాలయానికి తరలించారు. యుద్ధంలో గొప్ప బలం ఉండి, ఇంట్లో పుస్తకాలు లేని దేశం అది. ప్రాగ్ సేకరణ కోసం ఎదురుచూసింది రాణి క్రిస్టీనా. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు నిండలేదు.

అదే బండ్లలో ఇంకో పుస్తకం కూడా వెళ్లింది, దాని దారి వేరేగా సాగింది. ఊదా రంగు చర్మపత్రం మీద వెండి, బంగారు సిరాతో 6వ శతాబ్దంలో గోతిక్ భాషలో రాసిన సువార్తలు, కోడెక్స్ అర్జెంటియస్. 1654లో క్రిస్టీనా సింహాసనం వదిలి, క్యాథలిక్ మతం పుచ్చుకుని రోమ్ వెళ్లిపోయింది. వెళ్తూ ఎన్నో రాతప్రతులు వెంట తీసుకెళ్లింది. అవి ఇప్పుడు వాటికన్‌లో ఉన్నాయి. ఆమె దగ్గర పనిచేసిన పండితుడు ఐజాక్ వోసియస్ అర్జెంటియస్‌ను హాలండ్ తీసుకెళ్లాడు. స్వీడన్ మంత్రి దె లా గార్డీ 1662లో దాన్ని డబ్బిచ్చి కొని, వెండి అట్ట వేయించి, 1669లో ఉప్సాలాకు బహూకరించాడు. అంటే దోచుకున్న దాన్నే మళ్లీ కొన్నారు. అర్జెంటియస్ మీద ఉప్సాలా హక్కు ప్రశ్న కొంచెం సంక్లిష్టమయ్యేది ఆ కొనుగోలు వల్లే. గిగాస్ మాత్రం స్టాక్‌హోం దాటలేదు. 75 కిలోల పుస్తకాన్ని ఎవరూ వెంట తీసుకెళ్లరు.

1697 మే 7న స్టాక్‌హోంలోని త్రే క్రోనోర్ రాజభవనానికి నిప్పంటుకుంది. ఒక నెల కిందట చనిపోయిన పదకొండో కార్ల్ రాజు భౌతికకాయం ఇంకా భవనంలోనే ఉంది. రాజ గ్రంథాలయంలో మూడింట రెండు వంతులకు పైగా కాలిపోయింది. గిగాస్‌ను కిటికీలోంచి కిందికి తోశారు. కింద ఉన్న ఒకరికి గాయమైందని చెబుతారు. అట్ట దెబ్బతింది, ఆకులు మాత్రం బతికాయి. 1878లో ఇప్పుడున్న హుమ్లేగోర్డెన్ తోటలోని కొత్త భవనానికి మార్చారు. స్వీడన్ జాతీయ గ్రంథాలయంలో దాని సంఖ్య ఎ 148.

పోయిన ఆకుల గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి చెబుతాను. మొదట 320 ఆకులుండేవని అంచనా. కొన్నిటిని కత్తిరించిన మొదళ్లు కనిపిస్తాయి. వాటిలో సైతాను మంత్రాలున్నాయన్నది కట్టుకథ. పండితులు ఎక్కువగా అనుకునేది, అక్కడ సెయింట్ బెనెడిక్ట్ రాసిన మఠ నియమావళి ఉండేదని. దానికి కారణముంది. బెనెడిక్టైన్ మఠాల్లో రోజూ ఉదయం అందరూ కూడినప్పుడు నియమావళిలో ఒక అధ్యాయమూ, ఆ రోజు స్మరించాల్సిన మృతుల పేర్లూ చదివేవారు. అందుకే ఆ రెంటినీ ఒకేచోట రాసుకోవడం అలవాటు. ఈ ప్రతిలో మృతుల జాబితా ఉంది, నియమావళి లేదు.

ఇక హక్కు. చట్టం ప్రకారం పుస్తకం స్వీడన్‌ది, ఇందులో పెద్ద వివాదం లేదు. 17వ శతాబ్దపు న్యాయం ప్రకారం ప్రకటించి చేసిన యుద్ధంలో చిక్కిన సొత్తు గెలిచినవాడిది. ఆ సూత్రాన్ని 1625లో గ్రంథస్థం చేసిన డచ్ న్యాయశాస్త్రవేత్త గ్రోషియస్ తర్వాత పారిస్‌లో స్వీడన్ రాయబారిగా పదేళ్లు పనిచేశాడు. ఆ భావన మొదటిసారి గట్టిగా కదిలింది 1815లో, నెపోలియన్ ఎత్తుకెళ్లిన కళాఖండాలను తిరిగి ఇప్పించినప్పుడు. మతసంస్థల, విద్యాసంస్థల సొత్తు జప్తు చేయకూడదని అంతర్జాతీయ చట్టంలో స్పష్టంగా చేరింది హేగ్ ఒప్పందాలతో, 1899లో, 1907లో. వెనక్కి వెళ్లి 1648కి దాన్ని వర్తింపజేయడం కుదరదు.

న్యాయం సంగతి వేరు. 'చెక్‌లకు తిరిగి ఇచ్చేయాలి' అనేవాళ్లను నేను ఒక్కటే అడుగుతాను: ఎవరికి? స్వీడన్ దాన్ని మఠం నుంచి తీసుకోలేదు, హాబ్స్‌బుర్గ్ చక్రవర్తి కోటలోంచి తీసుకుంది. మఠం దాన్ని పోగొట్టుకుంది 1594లో, సొంత చక్రవర్తి చేతుల్లో, స్వీడిష్ సైనికుడు ప్రాగ్ చూడటానికి యాభై నాలుగేళ్ల ముందు. పొడ్లజిత్సే మఠం లేదు. బ్రెవ్‌నోవ్ ఉంది, 993లో స్థాపించిన ఆ మఠం కమ్యూనిస్టుల కాలంలో మూతపడి, 1989 తర్వాత మళ్లీ సన్యాసులతో నడుస్తోంది. నైతికంగా ఎవరికైనా హక్కుంటే డబ్బు కట్టి విడిపించిన ఆ మఠానికే ఉంది. ప్రాగ్ ప్రభుత్వానికి ఉన్న హక్కు స్వీడన్‌కు ఉన్నదానికంటే పెద్దదేమీ కాదు. 'స్వీడన్ తీసుకెళ్లి మేలు చేసింది, అక్కడే ఉంటే పోయేది' అనే వాదన కూడా నాకు నచ్చదు. రుడాల్ఫ్ సేకరణలో మిగిలిన వస్తువులను 1782లో వేలం వేసిన మాట నిజమే. కానీ స్టాక్‌హోంలోనూ అది మంటల్లోంచి కిటికీ గుండా పడింది కదా.

మంచి మార్గం 2007లో కనిపించింది. ఆ సెప్టెంబరులో పుస్తకాన్ని ప్రదర్శన కోసం ప్రాగ్‌కు అరువిచ్చారు. 359 ఏళ్ల తర్వాత మొదటిసారి ఆ నగరానికి వచ్చింది. చెక్ జాతీయ గ్రంథాలయం ఉన్న క్లెమెంటినుంలో కొన్ని నెలలుండి, 2008 మొదట్లో తిరిగి వెళ్లింది. అంతకుముందే పుటలన్నీ డిజిటల్ చిత్రాలుగా తీసి అందరికీ ఉచితంగా పెట్టారు. యాజమాన్యం మార్చకుండానే తరచూ అరువివ్వడం, బ్రెవ్‌నోవ్ సన్యాసులను ఆ చర్చలో ఒక పక్షంగా పిలవడం జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

మన తాళపత్రాల సంగతి కూడా ఇలాంటిదేనా అని చివర్లో అడిగారు. అన్నీ ఒకే గాటన కట్టకండి. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల శ్రమతో కల్నల్ కాలిన్ మెకంజీ పోగుచేసిన గ్రంథాలను, కైఫియతులను (ఊళ్ల స్థానిక చరిత్రల రాతలను) 1821లో అతను చనిపోయాక ఈస్టిండియా కంపెనీ అతని భార్య నుంచి లక్ష రూపాయలకు కొన్నది. కొంత లండన్‌లో ఉంది, చాలా భాగం మద్రాసుకు వచ్చింది. అది యుద్ధపు దోపిడీ కాదు. అయినా గ్రామాల్లో ఆ ప్రతులు ఇచ్చినవాళ్లకు ఏం ముట్టింది, వాళ్లు ఇష్టపడి ఇచ్చారా అన్న ప్రశ్న ఉంటుంది. ఒక్కో ప్రతికీ దాని చరిత్ర విడిగా చూడాల్సిందే.

మీరు డిజిటల్ ప్రతి తెరిస్తే ఈ క్రమంలో చూడండి. మొదటి ఆకు దగ్గర ఆగి, యజమానుల రాతను, హీబ్రూ, గ్రీకు, స్లావిక్ లిపుల వర్ణమాలలను చూడండి. తర్వాత నేరుగా చివరి ఆకులకు వెళ్లి, పంచాంగంలో ఏ నెలైనా తీసుకుని, తేదీల పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లను పెద్దవి చేసుకోండి. ఆ తర్వాత ఏదో ఒక మామూలు పుట, జోసెఫస్ దగ్గరో ఇసిదోర్ దగ్గరో, తెరిచి పై పంక్తిని, 106వ పంక్తిని పక్కపక్కన పెట్టి అక్షరాలు పోల్చండి. సైతాను బొమ్మకు అప్పుడు వెళ్లండి, వెళ్లినప్పుడు ఎడమ పుట కూడా చూడండి. లాటిన్ చదవడం రాకపోయినా ఫరవాలేదు; ఏ ఆకులో ఏ పేరు దగ్గర ఆగిపోయారో సంఖ్యతో రాస్తే నాకు తెలిసినంతవరకు చదివి చెబుతాను.